రాచపుండుపై గురిచూచి విడిచిన మందు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభ యనగా కవులను గూర్చియు కావ్యములను గూర్చియు ప్రసంగించుట వాడుక. ఆ వాడుకను దాటి యొక వ్యాధిని గూర్చియు, దాని మందులను గూర్చియు ఈ సభలో ముచ్చటించుటకు కారణము లేకపోలేదు. వాన లేని యేడు ఎట్లు గడపవలయునో అనంతపురము జిల్లా రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. ఏ చేను బీడు పెట్టవలయునో, ఏ గొడ్డు నమ్మవలయునో, ఏ బావి ఎన్నాళ్లకు అడుగంటునో అతనికి కంఠోపాఠము. కాని యింటిలో నొకరికి క్యాన్సరు అని డాక్టరు చెప్పిననాడు ఏమి చేయవలయునో తెలిసినవారు ఊరికి నలుగురైనను లేరు. ఆ పేరు చెవిని బడినంతనే కొందరు ఆశ వదలుకొందురు. కొందరు ఉన్న రెండెకరములు తాకట్టు పెట్టి పసరుమందుల వారి వెంట తిరుగుదురు. కొందరు తల్లులు రొమ్ములోని గడ్డను పైటచెంగు చాటున దాచుకొని, సిగ్గుచే ఎవరికిని చెప్పక, చేయి దాటిన పిమ్మట బెంగుళూరు బస్సు నెక్కుదురు. ఈ మూడింటికిని మూలము తెలియకపోవుటయే. తెలియనిదానిని తెలియజేయుటకే గ్రంథాలయము పుట్టినది గనుక ఈ విషయము ఈ సభకు తగినదే.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతుడు తన సంహితలో అర్బుదమను పేర దీనివంటి గడ్డలను వర్ణించినాడు. తెలుగున పెద్దలు రాచపుండు అనుచుండిరి. మన దేహము కోటానుకోట్ల కణములతో గట్టబడినది. ఒక్కొక్క కణమునకు తన హద్దు తనకు గలదు. చర్మకణము చర్మముననే యుండును. కాలేయకణము కాలేయముననే యుండును. ముదిసినది రాలిపోవును, దాని స్థానమున క్రొత్తది పుట్టును. ఏ కారణముననో ఒక కణము ఈ కట్టడిని మీరినచో అది హద్దురాళ్లు పెరికివైచి పొరుగువాని చేనిలోనికి దున్నుకొనిపోవు దుర్మార్గుని వలె పెరుగజొచ్చును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. దేవీమాహాత్మ్యమున రక్తబీజుని కథ వినని వారుండరు. వాని నెత్తురుబొట్టు నేలబడిన చోటనెల్ల మరియొక రక్తబీజుడు లేచుచుండెను. ఖడ్గముతో కొట్టినకొలది వారు పెరిగిరే గాని తరుగలేదు. కాళికాదేవి నాలుక చాచి, బొట్టు నేలపడకుండ త్రాగివేయుటచేతనే వాడు చచ్చెను. అనగా గెలుపు నరకుటయందు లేదు, పుట్టుకను ఆపుటయందు గలదు.

చిరకాలము ఈ వ్యాధికి కత్తి యొక్కటే శరణ్యముగ నుండెను. 1895వ సంవత్సరమున జర్మనీ దేశమున రాంట్‌జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. అప్పటినుండి కత్తికి కిరణములు తోడయ్యెను. గడ్డ ఒకచోట నున్నప్పుడు కోయవచ్చును, కాల్చవచ్చును. కాని నెత్తురే క్యాన్సరు పాలైనప్పుడు కత్తి ఎచ్చట నుంచవలెను? చిన్నబిడ్డలకు వచ్చు ల్యుకీమియా యను నెత్తురు క్యాన్సరు అట్టిది. ఎముకల మూలుగలో తెల్లకణములు పిచ్చిగ పెరిగి, ఎఱ్ఱకణములకు చోటు లేకుండ జేయును. బిడ్డ పాలిపోవును, జ్వరము విడువదు, చిగుళ్లనుండి నెత్తురు కారును. 1940వ దశాబ్దము మధ్యవరకు అట్టి బిడ్డ కొన్ని వారములో, కొన్ని మాసములో మాత్రమే బ్రతికెడిది. వైద్యుడు తల్లిదండ్రులతో గూడ కన్నీరు పెట్టుకొనుట దప్ప చేయగలిగినది లేకుండెను.

ఆ చీకటిలో త్రోవ తెరచిన వారిలో మొదట నిలుచువాడు తెలుగువాడు. రాంట్‌జెన్ కిరణములను కనుగొన్న ఆ 1895వ సంవత్సరముననే, జనవరి 12వ తేదీన, భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావు గారు జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు, తల్లి వెంకమ్మ గారు. ఆ యింట చదువునకు సరిపడు ధనము లేదు. బాలుడు కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని బ్రతుకుదునని పారిపోగా, పట్టి తెచ్చి మరల బడిలో వేసిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. ఒకమారు తప్పినంతనే బిడ్డను గొఱ్ఱెల వెంట తోలు తలిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకొనదగును.

పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న కాలము. సుబ్బారావు గారు ఖద్దరు అంగీతో శస్త్రచికిత్స తరగతికి పోయిరి. తెల్లదొర యగు ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితముగ సంపూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము చేతికి వచ్చెను. ఇంతలో ఇంటిపై పిడుగు పడెను. సోదరులిద్దరు స్ప్రూ యను సంగ్రహణి వ్యాధిచే మృతిచెందిరి. తిన్న అన్నము ఒంటబట్టక, నెత్తురు నీరై, మనిషి ఎండి చచ్చు వ్యాధి అది. సుబ్బారావు గారికిని అదియే సోకగా ఆచంట లక్ష్మీపతి గారు ఆయుర్వేద చికిత్సచే బ్రతికించిరి. ఆ పిమ్మట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించుచు, తన సోదరులను మ్రింగిన వ్యాధికి మందు కనుగొనవలయునని ఆయన మనసున బలముగ నాటుకొనెను.

మామగారి సహాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయముతోను ఆయన అమెరికాలోని బోస్టను పట్టణము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రులు రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనియు చేసిరి. భార్య శేషగిరి గారిని విడిచి కొలది యేండ్లలో తిరిగివత్తునని పోయినవారు మరల రాలేదు. తాను వెళ్లిన పిదప పుట్టిన కుమారుని ముఖము చూచు భాగ్యమైన వారికి లేకపోయెను. ఆ శిశువు పసితనముననే కన్నుమూసెను. లోకమునకు మేలు చేసినవారి లెక్కలో జమ పద్దులనే చదువుట మనకు అలవాటు. ఆ జమకు వెనుక భీమవరపు ఇల్లాలొకతె పేర వ్రాయబడిన ఖర్చు పద్దు కూడ కలదని మరువరాదు.

హార్వర్డులో ఫిస్కె పండితునితో గూడి నెత్తురులోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అది ఫిస్కె–సుబ్బారావు పద్ధతియని నేటికిని వైద్యవిద్యార్థులు చదువుదురు. 1929లో ఎ.టి.పి. యను పదార్థమును వా రిరువురు బయటపెట్టిరి. అదే యేట జర్మనీలో లోమన్ అను పండితుడును వేరుగ కనుగొనెను. చేను దున్ను ఎద్దు కండరమునకు గాని, ఎగురు పిచ్చుక రెక్కకు గాని శక్తినిచ్చు చేతిఖర్చు వంటి పదార్థ మది. ఈ ఎ.టి.పి. ప్రసంగము చివర మరల రానున్నది గనుక పేరు గుర్తుంచుకొందురు గాక.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ యను మందుల కంపెనీ పరిశోధనశాలకు వచ్చి, తరువాత దాని పరిశోధనలకు అధిపతియైరి. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అనేక అంటురోగములకు ఆరియోమైసిన్ అను మందులు ఆ కాలముననే అచ్చటనుండి వెలువడినవి. కాని యాయన మనసు సంగ్రహణిని విడువలేదు. అంతకుముందే 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల నెత్తురుక్షయమునకు ఈస్టుసారములో ఏదో మందుగుణము కలదని చూపెను. 1941లో అమెరికాలో పాలకూరనుండి ఆ పదార్థమును వేరుచేసి, ఆకునందుండునది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దానిని ఆకుకూరలనుండి తీయవలెనన్న బండ్లకొలది ఆకు కావలెను. సుబ్బారావు గారి బృందము 1945లో దాని నిర్మాణము తెలిసికొని పరిశోధనశాలలోనే తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది అమృతమయ్యెను. నేడు మన ఊరి గర్భిణులకు ఇనుము మాత్రతో కలిపి యిచ్చునది ఈ ఫోలిక్ ఆమ్లమే. సోదరుల ఋణము ఆ విధముగ తీరినది. కాని కథ యచ్చటితో ముగియలేదు.

బోస్టను బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఫోలిక్ ఆమ్లమునకు సంబంధించిన మందులను నెత్తురు క్యాన్సరు పిల్లలకు ఇచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు మారుగ విజృంభించినట్లు తోచెను. మరియొకరైన ఆ త్రోవను విడిచియుందురు. ఫార్బరు తలక్రిందుగ ఆలోచించెను: ఫోలిక్ ఆమ్లము వ్యాధికి ఎరువైనచో, ఆ ఎరువు అందకుండ జేసిన వ్యాధి ఎండునుగదా! సుబ్బారావు గారి పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లమును పోలిన పదార్థములు తయారై యుండెను. అందొకటి అమినోప్టెరిన్.

అది పనిచేయు రీతిని భాగవతమునందలి పౌండ్రక వాసుదేవుని కథ చక్కగ బోధపరచును. వాడు శంఖచక్రములు ధరించి, పీతాంబరము గట్టి, తానే వాసుదేవుడనని యెల్లరను నమ్మించెను. అమినోప్టెరిన్ రూపమున అచ్చముగ ఫోలిక్ ఆమ్లమే. ఒక్క చిన్న అంగము మాత్రమే మార్పు. విభజన చెందబోవు కణము దానినే నిజమైన ఫోలిక్ ఆమ్లమనుకొని లోనికి ఆహ్వానించును. లోన ఫోలిక్ ఆమ్లమును వినియోగపరచు యంత్రము వంటి ఎంజైము కలదు. ఈ కపటవేషధారి దానిని గట్టిగ పట్టుకొని విడువదు. తప్పుతాళపుచెవి తాళములో విరిగి యిరుకుకొన్నట్లగును. కణము రెండగుటకు కావలసిన సరకు తయారుకాదు. రక్తబీజుని నెత్తురు నేలబడకుండ నాలుక చాచినట్లే యిది.

1948 జూను 3వ తేదీన ఫార్బరు తన ఫలితములను వైద్యపత్రికలో ప్రకటించెను. 16 మంది బిడ్డలకు మందు ఇయ్యగా 10 మందికి గుణము కనబడెను. మంచముపట్టిన బిడ్డలు లేచి ఆడుకొనిరి. ఆ గుణము శాశ్వతము కాలేదు. మాసములలో వ్యాధి మరల తిరుగబెట్టెను. ఆ నిజమును ఫార్బరు దాచక వ్రాసెను. ఐనను మందుచే బిడ్డల నెత్తురు క్యాన్సరు వెనుకంజ వేయునని లోకమునకు తెలిసినది అప్పుడే. రెండు మాసములు గడచెనో లేదో, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు తమ 53వ యేట గుండెపోటుచే నిద్రలోనే తనువు చాలించిరి. తాము నాటిన మొక్క మ్రానగుట వారు చూడలేదు. అమినోప్టెరిన్‌కు సోదరియైన మెథోట్రెక్సేట్ తరువాత ప్రచారమునకు వచ్చెను. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ అను వైద్యులు దానితో గర్భాశయమున పుట్టు ఒక క్యాన్సరును సమూలముగ నయముచేసిరి. నేడు మంచి వసతులున్న దేశములలో నెత్తురు క్యాన్సరు వచ్చిన ప్రతి పదిమంది బిడ్డలలో తొమ్మిదిమంది వరకు బ్రతుకుచున్నారు. ఆ చికిత్సలో వాడు అనేక మందులలో మెథోట్రెక్సేట్ నేటికిని ఒకటి.

ఆ చికిత్సలో తోడుండు మరియొక మందు మన వాకిళ్లలోనే పూయుచున్నది. నీరు పోయువారు లేకున్నను, మేక ముట్టకుండ, ఎండలో నవ్వుచు నిలుచు బిళ్లగన్నేరు ఎవరు చూడలేదు? మడగాస్కరు ద్వీపమునుండి వచ్చిన ఈ మొక్కనుండి 1958లో కెనడా పండితులు నోబుల్, బీర్ అనువారు విన్‌బ్లాస్టిన్ తీసిరి. పిమ్మట విన్‌క్రిస్టిన్ వచ్చెను. ఐతే ఒక హెచ్చరిక. ఆకు నూరి త్రాగిన క్యాన్సరు పోదు, ప్రాణము పోవచ్చును. మొక్కలో అణుమాత్రమున నున్న ఆ విషమును శుద్ధిచేసి, తూచి, నరములోనికి ఎక్కించుట వైద్యుని పని.

ఈ మందులన్నింటికి నొక దోషము కలదు. కలుపు పెరిగినదని వేరుసెనగ చేనంతటిని గుంటకతో తోలినచో కలుపుతోపాటు పైరును పోవును. త్వరగ పెరుగు ప్రతి కణమును ఈ మందులు దెబ్బతీయును. అందుచే జుట్టు రాలును, నోరు పూయును, వాంతులగును, నెత్తురు తగ్గును. శిస్తు ఎగగొట్టినవాడొకడైన ఊరినంతటిని జప్తుచేసినట్లున్నదని వైద్యులకే తోచెను. ఇక కావలసినది పేరు చూచి, సర్వేనెంబరు చూచి, దోషి నొక్కనినే పట్టుకొను మందు.

దానికి ముందు దోషి గుర్తు తెలియవలెను. క్షీరసాగరమథనానంతరము దేవతల పంక్తిలో రాహువు దేవవేషముతో కూర్చుండెను. సూర్యచంద్రులు గుర్తుపట్టి సూచింపగా గదా చక్రము కదలినది! క్యాన్సరు కణమును మన కణముల పంక్తిలో మన వేషముతోనే కూర్చుండును. 1960లో ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డ్ అను పండితులు ఒక జాతి నెత్తురు క్యాన్సరు రోగుల కణములలో క్రోమోసోము ఒకటి అసాధారణముగ చిన్నదై యుండుట గమనించిరి. 1973లో జానెట్ రౌలీ యను విదుషి దాని కారణము చెప్పెను. 9వ క్రోమోసోము తునకయు 22వ దాని తునకయు ఒకదాని చోట నొకటి అతుకుకొన్నవి. ఆ తప్పుడు అతుకునుండి పుట్టిన ఎంజైము పెరుగుము పెరుగుమని కణమునకు నిరంతరము ఆజ్ఞలిచ్చుచుండును. ఆ ఎంజైమునకు శక్తినిచ్చునది సుబ్బారావు గారు చూపిన ఎ.టి.పి.యే. ఎ.టి.పి. వచ్చి కూర్చుండు గూటిలోనికి ముందుగ చొరబడి, దానికి చోటులేకుండ జేయు ఇమాటినిబ్ అను మందును తయారుచేసిరి. 2001లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చెను. కత్తి లేదు, సూది లేదు. దినమునకొక వేళ మ్రింగు మాత్ర. ఆ జాతి నెత్తురు క్యాన్సరు వచ్చినవారు పూర్వము కొలది యేండ్లలో పోవువారు. నేడు మందు పనిచేసినవారిలో పెక్కురు నిండు ఆయుర్దాయమునకు దగ్గరగ బ్రతుకుచున్నారు. రొమ్ము క్యాన్సరులలో ఒక జాతికి గురిపెట్టు ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చినది. రోగి స్వంత తెల్లకణములను బయటికి తీసి, శత్రువును గుర్తించు నేర్పు వానికి గరపి, మరల ఎక్కించు పద్ధతికి మన దేశమున ముంబయి ఐ.ఐ.టి., టాటా ఆసుపత్రి వారి కృషిచే 2023లో అనుమతి లభించినది.

ఐనను రాహువు తల మిగిలినట్లు, కొన్ని కణములు రూపుమార్చుకొని ఈ మందులను గూడ తప్పించుకొనును. అప్పుడు మరియొక మందు వెదకవలెను. మాత్ర వేసికొన్నవారు ఒళ్లు బాగుగనున్నదని తమంతట తాము మానరాదు.

మందు పుట్టిన చాలదు, పేదవానికి అందవలెను. ఇమాటినిబ్ మాత్రలు ఒకప్పుడు నెలకు సుమారు 1,20,000 రూపాయలుగ నుండెను. వర్షాధారపు చేను పదియేండ్లు పండించినను అంత మిగులునా? హైదరాబాదు నాట్కో కంపెనీ మొదలైనవారు అదే మందును నెలకు సుమారు 10,000 రూపాయలకు లోబడి తయారుచేయగా స్విట్జర్లాండు కంపెనీ పేటెంటు హక్కు కోరెను. తెలిసిన పదార్థమునకు రూపు కొంత మార్చి, గుణము పెరిగినట్లు చూపకయే క్రొత్త హక్కు పొందజాలరని 2013 ఏప్రిల్ 1న భారత సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అంతకు ముందటి యేడు, 2012 మార్చిలో, కాలేయ మూత్రపిండముల క్యాన్సరులకు వాడు సొరాఫెనిబ్ మందును, పేటెంటు విదేశీ కంపెనీకి ఉన్నను, నాట్కో తయారుచేయవచ్చునని ప్రభుత్వము అనుమతించినది. నెలకు 2,80,000 రూపాయల మందు 8,880 రూపాయలకు దిగెను. ఈ రెండు తీర్పులు పట్టణములందలి న్యాయవాదుల వాదములని పల్లెవాడు తలచరాదు. కరవుసీమ రోగి ప్రాణము వానిపై వ్రేలాడుచుండెను.

ఇక గ్రామస్థులు చేయదగిన పని. మొదటిది, గురిమందు కావలెనన్న గురి తెలియవలెను. అందులకు గడ్డనుండి చిన్న ముక్క తీసి పరీక్షింపవలెను. ముక్క తీసిన పుండు పాకునను భయము మన పల్లెలలో బలముగ నున్నది. వైద్యుడు తగిన రీతిని తీసిన పరీక్షచే వ్యాధి పాకదు. పరీక్ష మానుటచే మాత్రము కాలము మించును. రెండవది, మానని పుండు, నొప్పిలేని గడ్డ, అకాల రక్తస్రావము, మ్రింగ కష్టమగుట, బిడ్డలయందు పాలిపోవుటతో కూడిన విడువని జ్వరము కనబడినచో దాచరాదు. అన్నియు క్యాన్సరు కావు. కాని చూపించుకొని కాదనిపించుకొనుట మేలు. మూడవది, పొగాకు, గుట్కా, బీడీ మానవలెను. గురిచూచు మందులలో దేనికంటెను ఇది చౌక. నాలుగవది, ధనము లేదని ఇంట కూర్చుండరాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురమొకటి. పథకపు పేరులు మారినను క్యాన్సరు చికిత్స అందు చేరియే యున్నది. బెంగుళూరు కిద్వాయి సంస్థయు, 1955లో ఆరంభమైన హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రియు పేదలను ఆదరించుచున్నవి. కాగితములు పూర్తిచేయుట రానివారికి చదువువచ్చిన చందాదారుడొకడు తోడుపోయినచో అదియే గ్రంథాలయసేవ.

సుబ్బారావు గారు బ్రతికియుండగా వారి పేరు ప్రపంచమున నలుగురికి తెలియదు. వారును తెలియజేయ గోరలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించినది. బిళ్లపై బొమ్మ కంటె బిడ్డ బొట్టుకట్టు బ్రతుకే వారికి మెచ్చు స్మారకము. మూడుమార్లు పరీక్షకు కూర్చున్న భీమవరపు కుఱ్ఱవాడు లోకపు బిడ్డలను కాచినాడు. ఈ గ్రంథాలయపు బల్లలపై నేడు దీపము క్రింద చదువుచున్న బాలబాలికలలో అట్టివా రెవరున్నారో ఎవరికి తెలియును? వానలు మన చేతిలో లేవు. దీపములో నూనె పోయుట మన చేతిలోనే యున్నది. ఇరువదియైదేండ్లు వెలిగిన ఈ దీపము నిండు నూరేండ్లు వెలుగుగాక!

స్వస్తి.